ఇసుక సీసా

రాత్రి ఒకటిన్నర దాకా కూర్చుని 'ఓషి నో కో' అనే జపాన్ యానిమే సిరీస్ మొదలుపెట్టా. ఎపిసోడ్ అంటే ఇరవై నిమిషాలే కదా అనుకున్నా. మొదటిది దాదాపు గంటన్నర! (చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథ చెప్పేస్తున్నా.)

డాక్టరు చచ్చి ఐడల్ (స్టేజి మీద ఆడిపాడే కుర్ర స్టార్) కొడుకుగా పుట్టడం, ఆ పునర్జన్మ గోల నాకు పెద్దగా ఎక్కలేదు. కానీ టోక్యో డోమ్ షో రోజు ఆ ఐడల్, పేరు 'ఐ', తలుపు తీస్తుంది చూడండి... చేతిలో పూలగుత్తితో అభిమాని, పూల వెనక కత్తి. నెత్తురు కారుతుంటేనే వాడి పేరు గుర్తు తెచ్చుకుని, నువ్విచ్చిన నక్షత్రపు ఇసుక సీసా ఇంకా హాల్లోనే పెట్టుకున్నానంటుంది. పాజ్ కొట్టి మంచినీళ్లు తాగొచ్చా.

అతిగా తీశారు అనుకుందామన్నా వీల్లేదు. 2014లో జపాన్‌లోని ఇవాతేలో, ఏకేబీ48 అనే అమ్మాయిల ఐడల్ బృందం అభిమానులతో పెట్టిన షేక్‌హ్యాండ్ కార్యక్రమంలోకి ఒకడు రంపంతో వచ్చి ఆ బృందంలోని ఇద్దరమ్మాయిల్ని గాయపరిచాడు.

తర్వాత ఎపిసోడ్లలో అకానే అనే కుర్ర నటి కథ ఇంకా గట్టిగా తగిలింది. రియాలిటీ షోలో పొరపాటున గోరు తగిలి తోటి అమ్మాయి బుగ్గ గీసుకుపోతుంది, అంతే. ఊరంతా ఫోన్లో తిట్టడమే. ఆ పిల్ల ఒక్కో కామెంటూ కూర్చుని చదువుకుంటుంది. చివరికి తుపాను గాలిలో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి రెయిలింగ్ ఎక్కుతుంది.

పొద్దున్నే లేచి, కిందటేడు ఒక హీరోయిన్ డ్యాన్స్ మీద నేను పెట్టిన కామెంట్ వెతికా. 43 లైకులు. కింద మా పెద్దమ్మ కొడుకు నవ్వే బొమ్మ కూడా పెట్టాడు. డిలీట్ చేశా. వాడింకా ఎందుకు తీసేశావురా అని అడుగుతూనే ఉన్నాడు.