ప్రార్థనలో వార్తలు చదివించిన సార్

మన బడి పాత విద్యార్థులం కలిసే రోజుకు వేస్తున్న సంచిక కమిటీ నుంచి మన క్లాస్ లీడర్ ఫోన్ చేసి, "టీవీల ఇన్నేళ్లున్నవు, జర్నలిజం మీద, ధైర్యం మీద ఒక పేజీ రాయాలె" అంది. ఆ రెండూ నాకు అబ్బింది తెలుగు సార్ దగ్గర. ఆయన గురించే రాస్తాను. రేకుల షెడ్డు, పద్మాక్షి గుట్ట పిక్నిక్, మన "రైలింజన్" పరుగు పందెం సంగతి మిగతావాళ్లు రాస్తారు.

ప్రార్థన తర్వాత వార్తలు చదివే వంతు నాకు తొమ్మిదిలో వచ్చింది. మైకు లేదు. "వాక్యం చివర గొంతు దించకు బిడ్డా. చేసిండా, చెయ్యలేదా, అక్కడనే తెలుస్తది" అనేవారు సార్.

ఆ రేషన్ బియ్యం వార్త వచ్చిన రోజు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మన బడికి బెంచీలిచ్చిన మనిషి మీదే ఆ వార్త అని కూడా తెలుసు. అది వదిలేయమని పెద్దసారు కబురు పంపారు. సార్ పేపరు చేతికిచ్చి, "ఉన్నది ఉన్నట్టు సదువు, నేను పక్కనే ఉంట" అన్నారు. చివరి వరుసకు వినపడేలా చదివాను. ఆ మధ్యాహ్నం పద్యం పక్కనపెట్టి షోయబుల్లాఖాన్ గురించి చెప్పారు. మన మానుకోట (మహబూబాబాద్) దిక్కు పుట్టినవాడు, 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చెయ్యి నరికి చంపారు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. క్లాసులో ఎవరూ కదల్లేదు. ఎండాకాలం సెలవుల్లో సార్‌కు బదిలీ అయింది. ఎందుకో మనకు తెలుసు.

దూరదర్శన్‌లో 1983లో తెలుగు వార్తలు మొదలైనప్పుడు శాంతి స్వరూప్ గారు టెలీప్రాంప్టర్ (ఎదురుగా తెర మీద వాక్యాలు చూపే యంత్రం) లేకుండానే చదివేవారు. ఆయన్ని చూసి నేర్చుకున్నాను. తర్వాత ప్రైవేటు చానళ్ల కాలం వచ్చింది. ఒక రాత్రి లైవ్‌లో ఉండగా చెరువు కబ్జా వార్త ఆపేయమని చెవిలో చెప్పారు. కాగితాలన్నీ సరిచూసుకున్న వార్త అది. చదివాను. కొన్నాళ్లు ప్రైమ్ టైమ్ నుంచి తప్పించారు, మళ్లీ వాళ్లే పిలిచారు.

అయినా నిజమైన ధైర్యం ఆ వార్త పంపిన మండల విలేకరిది. బులెటిన్ అయ్యాక నేను కారెక్కి ఇంటికి పోతాను. అతను మాత్రం ఎవరి మీద రాశాడో వాళ్ల ఇంటి ముందు నుంచే పొద్దున పాల ప్యాకెట్‌కు పోవాలి. అవార్డు తీసుకున్న ప్రతిసారీ వేదిక మీద ఈ మాట చెప్పాను. ఇప్పుడు పిల్లలకు యాంకరింగ్ నేర్పుతున్నాను. మేకప్ కంటే ముందు, ఆ వార్త ఎవరు పంపారో ఫోన్ చేసి మాట్లాడి రమ్మంటాను.

కమిటీకి ఒక్క విన్నపం. సార్ వాళ్ల అమ్మాయి కాజీపేటలోనే ఉంది. కలిసే రోజు ఆమెను వేదిక మీద ముందు వరుసలో కూర్చోబెట్టాలి. శాలువా ఖర్చు నాది.