ప్రశంసాపత్రం కోసం నా తిప్పలు

మొన్న ఆగస్టు 15న ఉత్తమ సేవలకని నాకూ ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. గుంటూరులో 11 ఏళ్లుగా ఆశా కార్యకర్తను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

మా ఏఎన్‌ఎం మేడమ్ నా పేరు పంపారు, డాక్టర్ గారు సంతకం పెట్టారు. అది రెండు రోజుల పని. తర్వాత ఫారం పట్టుకుని పై ఆఫీసుకి వెళ్లా. ‘చేసిన ప్రత్యేక సేవలు’ అనే గడి ఖాళీగా ఉంది. "మీరే నింపండమ్మా" అన్నాడు గుమాస్తా. నన్ను మెచ్చుకోవడానికి కూడా నేనే రాసుకోవాలన్నమాట! సరే, బెంచీ మీద కూర్చున్నా. మా వీధిలో ఒక ఆటో డ్రైవర్‌కి టీబీ. మాత్ర నాలుక కింద దాచుకుని, నేను గుమ్మం దాటగానే తులసికోట వెనక ఉమ్మేసేవాడు. ఆరు నెలలు రోజూ పొద్దున్నే వెళ్లి, మింగాక నోరు తెరిపించి చూశాకే కదిలేదాన్ని. ఇప్పుడు శుభ్రంగా ఆటో తోలుకుంటున్నాడు. అదే రాశా.

గుమాస్తా దాన్ని పక్క సీట్ల వాళ్లకి వినపడేలా చదివాడు. నాలుక దగ్గరికొచ్చేసరికి అందరూ నవ్వారు. "ఏమ్మా, కథ రాశావా? నెలకు పదివేలు ఇచ్చేది దీనికేగా. నంబర్లు కావాలి" అంటూ మొత్తం కొట్టేసి ‘టీబీ – 1’ అని వేశాడు. తలెత్తబుద్ధి కాలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల పైచిలుకు ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. జెనీవా వాళ్లు నన్ను గడి నింపమనలేదు మరి! చెప్పుకోకూడదు గానీ, నా వార్డులో టీకా తప్పిన పిల్లాడు ఒక్కడు లేడు.

మీరెవరైనా వెళ్తే అంకెలు ముందే చీటీ మీద వేసుకెళ్లండి. జిరాక్సులు మూడు ఉంచుకోండి. మధ్యాహ్నం మూడు దాటితే ఆ కుర్చీలో మనిషి దొరకడు.

పరేడ్ గ్రౌండ్‌లో పొద్దున్నే లైన్లో నిలబెట్టారు. నా వంతు అర నిమిషం కూడా పట్టలేదు. మా ఆయన సంబరంగా బ్రాడీపేటకి వెళ్లి లామినేషన్ చేయించుకొచ్చాడు. గోడకు తగిలించాక మా అమ్మాయి పైకి చదివింది. పేరు సరిగ్గానే ఉంది. హోదా దగ్గర ‘ఆశా’కి బదులు ‘ఆయా’ అని పడింది.

ఆఫీసుకి ఫోన్ చేస్తే అదే గుమాస్తా ఎత్తాడు. "లామినేషన్ చేయించేశావా? అలా అయితే మార్చడం కుదరదమ్మా" అన్నాడు.