ఉన్న రెండు కోర్ల మీదే 40జి నడిపించాం: నా అనుభవం

ఒంగోలుకి దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తాను. సర్వర్ రూమ్ మెయిన్ బ్లాకులో, ల్యాబ్‌లు వెనక బ్లాకులో, రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క 10జి (సెకనుకి 10 గిగాబిట్లు) ఫైబర్ లింకు. ఆన్‌లైన్ పరీక్షల రోజు ల్యాబ్‌లన్నీ ఒకేసారి లాగిన్ అయితే లింకు నిండిపోయి స్క్రీన్లు తిరుగుతూనే ఉండేవి, పిల్లలు టెన్షన్‌తో నా వైపు చూస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

కొత్తగా కొన్న స్విచ్‌లకి 40జి పోర్టులున్నాయి, చిక్కంతా మధ్యలో కేబుల్‌తోనే. ఎప్పుడో వేసిన 6 కోర్ల (లైటు పోయే సన్నని గాజు పోగుల) ఓఎం3 మల్టీమోడ్ ఫైబర్ అది, తక్కువ దూరాలకి వాడే రకం. రెండు కోర్లు ఎలుకలు కొరికేశాయి, రెండింటి మీద 10జి నడుస్తోంది, మిగిలింది రెండే. 40జి అనగానే అందరూ చెప్పేది ఎస్‌ఆర్4, అంటే 2010లో, నెట్‌వర్క్ ప్రమాణాలు పెట్టే ఐట్రిపుల్ఈ సంస్థ 802.3బీఏ ప్రమాణంతో వచ్చిన పద్ధతి. 10జి చొప్పున పంపడానికి నాలుగు కోర్లు, తీసుకోవడానికి నాలుగు, మొత్తం ఎనిమిది కావాలి, పైగా చివర్లో చాలా కోర్లని ఒకేసారి పట్టే ఎంపీఓ కనెక్టరు. కొత్త కేబుల్ లాగాలంటే మధ్యలో సిమెంట్ రోడ్డు పగలగొట్టాలి. కరస్పాండెంట్ గారేమో "ఏమైనా చెయ్యి గానీ ఆ రోడ్డు జోలికి పోవద్దయ్యా" అనేశారు.

అప్పుడు పట్టుకున్నదే బైడి (బైడైరెక్షనల్, అంటే రెండు దిక్కులదీ). ఇందులో ఒక్కో కోర్‌లో లైటు రెండు వైపులా ఒకేసారి పోతుంది. ఒక దిక్కుకి 850 నానోమీటర్ల లైటు, ఎదురు దిక్కుకి 900, రెండూ వేరు వేరు రంగులు కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావు. ఒక్కో రంగు మీద 20జి వెళ్తుంది, రెండు కోర్లు కలిస్తే ఇటు 40, అటు 40. కనెక్టరు మనకి అలవాటైన ఎల్‌సీనే, ఒక్కో కోర్‌కి ఒకటి. మా దగ్గర ఉన్నవి సరిగ్గా రెండు కోర్లు!

కొనేముందు పొడవు తేల్చుకోవాలి. కేబుల్ తొడుగు మీద మీటర్ల అంకెలు అచ్చేసి ఉంటాయి, రెండు చివర్లా టార్చిలైటు వేసి చదివాను: ఒకవైపు 412, రెండోవైపు 500. అంటే 88 మీటర్లు, రెండు చివర్లా ప్యానెల్ నుంచి స్విచ్‌కి వేసే చిన్న ఫైబర్ తీగలు, అంటే ప్యాచ్ కార్డులు, మూడేసి మీటర్లు కలిపితే 94. ఓఎం3 మీద 40జి బైడికి హద్దు 100 మీటర్లు. "ఎటూ కొంటున్నాం కదా, 100జి తీసుకుందాం" అని ఆఫీసులో గట్టిగానే అడిగారు. 100జి బైడి ఓఎం3 మీద 70 మీటర్లే, దానికన్నా మెరుగైన ఓఎం4 ఫైబర్ అయితేనే 100. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే ఒప్పుకున్నారు. ఇంకో సంగతి, 40జి బైడి ఐట్రిపుల్ఈ ప్రమాణం కాదు, తయారీదారులు సొంతంగా తెచ్చింది. అందుకే రెండు చివర్లకీ ఒకే తయారీ మాడ్యూళ్లు (స్విచ్ పోర్టులో గుచ్చే, లైటు పంపి తీసుకునే ముక్కలు) తెప్పించాను. ఒకవైపు ఎస్‌ఆర్4, రెండోవైపు బైడి పెడితే కలవవు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

చెన్నై నుంచి పార్సిల్ ఆర్టీసీ కార్గోలో ఒంగోలు బస్టాండుకి వచ్చింది. ఆ రాత్రే కూర్చున్నాం, నేనూ మా ఎలక్ట్రీషియన్ తమ్ముడూ. మాడ్యూళ్లు పెట్టాం, కార్డులు గుచ్చాం, లింకు రాలేదు. మాడ్యూల్‌ని ఫోన్ ముందు కెమెరాతో చూశాను (కంటితో మాత్రం ఎప్పుడూ చూడొద్దు), టీవీ రిమోట్ లైటులాగా రెండు రంధ్రాలూ ఊదాగా వెలుగుతున్నాయి. మామూలు 10జి ఎస్‌ఆర్ మాడ్యూల్‌లో అయితే ఒక్కటే వెలుగుతుంది. రెండూ పంపుతున్నాయి, రెండూ తీసుకుంటున్నాయి, ఇంక ఏ కోర్ ఎందులో పెడితే ఏముంది అనుకున్నాను. ఆ ఒక్క మాట మూడు గంటలు తినేసింది.

తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, "అన్నా, ఈ రంధ్రంలోంచి పోయే రంగునే అటుపక్క రంధ్రం తీసుకుంటుందా?" అన్నాడు. అప్పుడు వెలిగింది. ఒక రంధ్రం 850 పంపి 900 తీసుకుంటుంది, పక్కది 900 పంపి 850 తీసుకుంటుంది. కాబట్టి కోర్లు తప్పకుండా అడ్డం మారాలి, ఇటు మొదటి రంధ్రంలోది అటు రెండోదాంట్లోకి పోవాలి. మా ప్యాచ్ కార్డులు రెండూ అడ్డం మారేవే, మధ్యలో ప్యానెల్ నుంచి ప్యానెల్‌కి ఐదో కోర్ ఐదులోకి, ఆరోది ఆరులోకి తిన్నగా కట్టారు. రెండుసార్లు మారితే మారనట్టే. ఒక కోర్‌లో రెండు చివర్ల నుంచీ 850 పోతోంది, రెండు చివర్లూ 900 కోసం ఎదురుచూస్తున్నాయి. అసలు పాత 10జి జత ఎలా పనిచేస్తోందా అని చూస్తే, దాని కార్డుని ఒక చివర ఎవరో ఎప్పుడో తిప్పిపెట్టి ఉన్నారు.

ల్యాబ్ వైపు కార్డు ఎల్‌సీ క్లిప్పుని గోటితో మెల్లగా విప్పాను, కుడి ఎడమలు మార్చి మళ్లీ బిగించి గుచ్చాను. రెండు సెకన్లలో ఆకుపచ్చ లైటు. తమ్ముడు నా వీపు మీద గట్టిగా ఒక్కటి కొట్టాడు.

మర్నాడు సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన డేటా లెక్క) నెమ్మదిగా పెరుగుతూ కనిపించాయి. కనెక్టర్ల మొనలు పెన్ను క్లీనర్‌తో తుడిస్తే ఆగిపోయాయి. 94 మీటర్ల దగ్గర ఉన్నాం, మిగులు తక్కువ, దుమ్ముకి చోటివ్వకూడదు.

ఇప్పుడు 400జిలో కూడా ఇదే ఆలోచన నడుస్తోంది. 2020లో వచ్చిన ఐట్రిపుల్ఈ 802.3సీఎంలో ఎస్‌ఆర్4.2 ఉంది, ఒక్కో కోర్‌లో 850, 910 రెండూ ఎదురెదురుగా, కోర్లు మాత్రం ఎనిమిది, ఇంకా కొత్త రకం మల్టీమోడ్ ఓఎం5 మీద 150 మీటర్లు. మా కొత్త బ్లాకుకి అయితే నేను చాలా దూరం పోయే సింగిల్‌మోడ్ ఫైబరే అడిగాను. ఎటూ కొత్తగా తవ్వి వేసేటప్పుడు దూరం గొడవ మళ్లీ ఎందుకు? బైడి విలువంతా పాత కేబుల్‌ని బతికించుకోవడంలోనే ఉంది.

పాత 10జి లింకుని స్టాండ్‌బైగా ఉంచాం. తిప్పిపెట్టిన కార్డుకి ఎర్ర టేపు చుట్టి "ఇది తిప్పే ఉండాలి, సరిచేయొద్దు" అని రాసి, తేదీ వేసి కట్టాను.