విడాకులు రాకముందే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా ట్యాక్స్ ఫైల్ చేశాను: నా అనుభవం

2024 ఏప్రిల్‌లో మా ఆయన వేరే అపార్ట్‌మెంట్‌కి మారిపోయారు. న్యూజెర్సీలోని మా ఇంట్లో నేనూ, మా ఆరేళ్ల పాపా మిగిలాం. కోర్టులో కేసు నడుస్తోంది. జనవరిలో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం) చేతికొచ్చేసరికి ట్యాక్స్ టెన్షన్ మొదలైంది. జాయింట్‌గా వేసే పరిస్థితి లేదు. ఏటా మా రిటర్న్ చూసే కన్సల్టెంట్ గారికి ఫోన్ చేస్తే, "డిసెంబర్ 31 నాటికి విడాకులు రాలేదు కదమ్మా, మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ, అంటే పెళ్లయినవాళ్లుగానే విడిగా వేయడం తప్ప దారి లేదు" అన్నారు.

నాకు మనసొప్పలేదు. అద్దె దగ్గర్నుంచి పాలప్యాకెట్ దాకా ఇల్లు నడుపుతున్నది నేను. 2024కి సెపరేట్‌గా వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా తీసేసే ఆదాయం) 14,600 డాలర్లు. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కి (ఇంటిని ఒంటరిగా నడిపేవాళ్ల ఫైలింగ్ స్టేటస్‌కి) 21,900. పైగా ఆ ఏడాది 12 శాతం శ్లాబు సెపరేట్‌లో 47,150 దగ్గరే ఆగిపోయేది, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌లో 63,100 దాకా వెళ్లేది. పాప ఆఫ్టర్‌కేర్ (స్కూలు అయ్యాక చూసుకునే చోటు) ఖర్చు మీద వచ్చే క్రెడిట్, అంటే పన్ను తగ్గింపు కూడా సెపరేట్‌గా వేసేవాళ్లకి మామూలుగా రాదు. ఒంటరిగా బిడ్డను పెంచే తల్లికి ఇవి చిన్న మొత్తాలు కావు.

అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్లో, ఫైలింగ్ స్టేటస్ నియమాలు చెప్పే పబ్లికేషన్ 501 ఉంటుంది. రాత్రి పాప పడుకున్నాక కూర్చుని చదివాను. పెళ్లయినవాళ్లను కూడా ట్యాక్స్ కోసం అవివాహితుల కింద లెక్కించే సందర్భం ఒకటి అందులో స్పష్టంగా రాసి ఉంది. రిటర్న్ విడిగా వేయాలి. ఏడాదిలో చివరి ఆరు నెలలు భర్త ఆ ఇంట్లో ఉండకూడదు. ఇంటి ఖర్చులో సగానికి మించి మనమే పెట్టాలి. సగం ఏడాదికి పైగా బిడ్డకు అదే ఇల్లు అయి ఉండాలి, ఆ బిడ్డను డిపెండెంట్‌గా (మన మీద ఆధారపడిన వ్యక్తిగా) చూపించే హక్కు మనకుండాలి, దాన్ని మనమే తండ్రికి వదిలేసినా పర్వాలేదు. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్న నాకు గ్రీన్ కార్డు లేకుండా ఇది కుదురుతుందా అని ఇంకో అనుమానం ఉండేది. ఏడాది పొడవునా ట్యాక్స్ లెక్కలో రెసిడెంట్ అయితే చాలు, గ్రీన్ కార్డు అక్కర్లేదు.

వేసవి సెలవుల్లో పాప గుంటూరులో అమ్మమ్మ దగ్గర ఉండి వచ్చింది. ఆ రోజులు పోతాయేమో అనుకున్నాను. సెలవులకు, చదువుకు, వైద్యానికి తాత్కాలికంగా వెళ్లినా మనింట్లో ఉన్నట్టే లెక్క. ఇదే నియమం భర్తకీ వర్తిస్తుంది. ప్రాజెక్టు కోసం వేరే రాష్ట్రంలో ఉండి, మళ్లీ ఇంటికే వచ్చే మనిషైతే ఇంట్లో ఉన్నట్టే. మన ఐటీ కుటుంబాల్లో ఇలాంటివి ఎన్నో కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను: ఆ కారణం చూపించి ఈ స్టేటస్ వాడుకోకండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది సగం ఖర్చు లెక్కకి. అద్దె, కరెంటు, గ్యాస్, ఇంటి ఇన్సూరెన్స్, రిపేర్లు, ఇంట్లో తినే తిండి లెక్కలోకి వస్తాయి. బట్టలు, స్కూలు ఫీజులు, డాక్టరు ఖర్చులు, కారు రావు. బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని, పటేల్ బ్రదర్స్ కిరాణా బిల్లులతో సహా నెలవారీగా ఎక్సెల్‌లో ఎక్కించాను. మొత్తం 35,000 డాలర్ల పైచిలుకు తేలింది. వెళ్లేముందు మా ఆయన కట్టిన అద్దె, తర్వాత పంపిన డబ్బు అంతా ఆయన వాటాకిందే రాశాను, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా. అలా రాసినా ఆయనది 11,000 దాటలేదు.

ఇక ఆయన ఇంట్లో లేరని రుజువు కావాలి. అపార్ట్‌మెంట్ ఆఫీసులో లీజు నుంచి ఆయన పేరు మే నెలలోనే తీసేశారు, ఆ సవరణ కాగితం దొరికింది. స్కూలు ఆఫీసులో అడిగితే లెటర్‌హెడ్ మీద పాప పేరు, నా పేరు, మా ఇంటి అడ్రస్, ఏ తేదీ నుంచి చదువుతోందో రాసి సంతకం చేసి ఇచ్చారు. ఆ ఒక్క పేజీ చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఇవన్నీ పట్టుకెళ్లి కన్సల్టెంట్ గారికి 501లో ఆ పేజీ చూపించాను. నెమ్మదిగా చదివి, "కరెక్టేనమ్మా, ఇలాగే వేద్దాం" అన్నారు. డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసే ప్రిపేరర్లు ఈ స్టేటస్ వేస్తే, అర్హత సరిచూశామని 8867 అనే ఫారం కూడా నింపాలి, అందుకే కాగితాలన్నీ కాపీలు తీసుకున్నారు.

పాపను డిపెండెంట్‌గా నేనే చూపిస్తున్నానని మా ఆయనకు ముందే మెసేజ్ పెట్టాను, ఒప్పుకున్నారు. చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ (బిడ్డ ఉన్నందుకు వచ్చే పన్ను తగ్గింపు) తండ్రికి వదిలేస్తూ 8332 ఫారం మీద సంతకం పెట్టే తల్లులుంటారు. అలా పెట్టినా పాప మీ దగ్గరే ఉంటే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ మీకే ఉంటుంది, ఆ ఫారంతో అది చేయి మారదు. ఎవరైనా పోతుందని భయపెడితే నమ్మకండి.

రీఫండ్ వచ్చాక ఆఫీసులో కొత్త డబ్ల్యూ-4 (జీతంలో ఎంత పన్ను కోయాలో చెప్పే ఫారం) ఇచ్చాను, మొదటి పేజీలోనే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ గడి ఉంటుంది. ఇప్పుడు జీతంలో నెలనెలా కోత తగ్గింది, ఆఫ్టర్‌కేర్ ఫీజుకి వెతుక్కోవాల్సిన పని లేదు. ఈ ఏడాది బిల్లులు జనవరి నుంచే ఫోల్డర్లో వేస్తున్నాను.