బాగైపోయింది అక్కా

నిద్ర రావడం లేదు. అత్తగారి సీరియల్ అయిపోయింది, ఆయన గురక మొదలైంది, నేను మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. "బాగైపోయింది అక్కా." ఎలా బాగైంది, ఏం మార్చాడు, ఒక్క ముక్క చెప్పలేదు. ప్రొద్దుటూరు అబ్బాయి టీ తాగి, బండి తీసి వెళ్లిపోయాడు.

నెట్ ఫోన్ల చిక్కులు విప్పుకోవడానికి కలిసే మా అందరినీ పోయిన ఆదివారం భోజనాల వేళ దాటేదాకా కూర్చోబెట్టింది ఇతనే. ఒక ఆసుపత్రిలో ఆస్టరిస్క్ పెట్టాడు, అంటే కంప్యూటర్‌నే ఫోను ఎక్స్ఛేంజిగా మార్చే సాఫ్ట్‌వేర్. బయటి నుంచి కాల్ వస్తుంది, రిసెప్షన్‌లో ఎత్తుతారు, 32 సెకన్లకు తెగిపోతుంది. అవతలి మనిషి డాక్టరుగారు ఉన్నారా అని అడిగి, రోగి పేరు చెప్పే లోపే అయిపోతుంది. 32 అన్న అంకె వినగానే ఈ పని తెలిసినవాళ్లకు సగం అర్థమవుతుంది. ఫోను ఎత్తామని ఇటు నుంచి కబురు వెళ్తుంది. అందిందని అటు నుంచి జవాబు రావాలి. రాకపోతే, నెట్‌లో కాల్ కలిపే, తెంచే పద్ధతి అయిన సిప్ నియమం ప్రకారం అర సెకనుకు 64 రెట్లు ఎదురుచూసి, ఇక లాభం లేదని ఆస్టరిస్క్ కాల్ తెంచేస్తుంది. జవాబు ఎందుకు రాదంటే, మన కంప్యూటర్ తన చిరునామాగా 192.168తో మొదలయ్యే లోపలి నంబరు ఇచ్చి ఉంటుంది. వీధి పేరు చెప్పకుండా "వంటింటి పక్క గది" అని ఉత్తరం మీద రాసినట్టు. అటువాళ్లు పంపుతారు, అది ఎక్కడికీ చేరదు.

అయితే ఇది ఒక్క కారణమే. రౌటర్ తనకు తెలిసినట్టు ప్యాకెట్లను, అంటే నెట్‌లో వెళ్లే ఈ కబురు ముక్కలను, సవరించి పాడుచేసి ఉండవచ్చు. కాల్స్‌కు దారి చూపడానికి ఆస్టరిస్క్ ముందు నిలబెట్టిన కమాయిలియో అనే సాఫ్ట్‌వేర్, జవాబు తిరిగి తన మీదుగానే రావాలని చెప్పకపోయి ఉండవచ్చు. ఇతని ఆసుపత్రిలో వీటిలో ఏది? నాకు కావలసింది అదే. రాజంపేట విత్తనాల దుకాణంలోనూ కాల్ అలాగే తెగుతోందట.

ఆస్టరిస్క్‌కు వివరణలున్నాయి, కమాయిలియోకు వివరణలున్నాయి. రెండింటినీ కలిపే చోట మాత్రం ఎవరి తప్పూ ఉండదు. వీళ్లు వాళ్లంటారు, వాళ్లు రౌటరంటారు, నెట్ ఇచ్చినవాడు మా వైపు అంతా బాగుందంటాడు. ఏడు రోడ్ల దగ్గర ఆ జిరాక్స్ కొట్టు మేడ మీద, కరెంటు పోతే ఉడికిపోయే గదిలో మేము కూర్చునేది ఈ అతుకుల కోసమే. 1999లో మార్క్ స్పెన్సర్ తన చిన్న లినక్స్ కంపెనీకి ఫోను ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక సొంతంగా రాసుకుని అందరికీ వదిలేసినదే ఆస్టరిస్క్. ఆయన ఇచ్చింది తీసుకుని బతుకుతూ, మనం కనిపెట్టిన ఒక్క వరుస పరిష్కారం పక్కవాడికి చెప్పమా? రిటైరైన టెలిఫోన్ ఇంజనీరుగారు ఆ వేళ బీపీ మాత్ర కూడా వాయిదా వేసుకుని ఇతని ప్యాకెట్లు చదివారు. ఆయనకైనా చెప్పాలి కదా!

ఇంత కోపంలోనూ మామయ్య గుర్తుకొచ్చాడు.

మామయ్య టెలిఫోన్ శాఖలో లైన్‌మన్. వీధి మలుపులో ఇనుప పెట్టె, దాని నిండా జతలు జతలుగా తీగలు. ఏ జత ఎవరింటిదో ఆఫీసు రిజిస్టరులో ఉండేది. కానీ వానకు ఒక జత చెడితే, మామయ్య ఆ ఇంటి లైనును ఖాళీగా ఉన్న మంచి జతకు మార్చేసేవాడు. రాసేవాడు కాదు. ఏళ్లు గడిచేసరికి రిజిస్టరుకూ పెట్టెకూ సంబంధం లేకుండా పోయింది. మొత్తం ఆయన తలలో ఉంది. సైకిలు వెనక కూర్చుని నేనూ వెళ్లేదాన్ని. ఆయన క్లిప్పులు తగిలించి "హలో, టెస్టింగ్" అంటుంటే, ఇంటివాళ్లు నాకు చెక్కిలాలు పెట్టేవారు. ఆయనకు ప్రతి ఇంట్లో కాఫీ, దీపావళికి మిఠాయిలు.

తర్వాత రాయచోటికి బదిలీ అయింది. మొదటి వానకే వీధి వీధంతా ఫోన్లు మూగబోయాయి. కొత్త లైన్‌మన్ పెట్టె తెరిచి, చూసి, నేల మీద కూలబడ్డాడట. ఆయన ఏమైనా రాసిపెట్టాడా అని అడగడానికి మా ఇంటికే వచ్చాడు. అత్తయ్య పాత క్యాలెండర్లు కూడా వెతికింది. చివరికి సెలవు రోజున మామయ్యే బస్సెక్కి వచ్చి, చకచకా కలిపి, మూడిళ్లలో భోజనానికి పిలిస్తే ఎక్కడా కాదనలేక అవస్థపడ్డాడు. అప్పుడు నాకు ఎంత గర్వమో!

అది దాచుకోవడమేనా? రాయమని ఆయనను ఎవరూ అడగలేదు. శాఖ జీతం ఇచ్చింది తీగ కలపడానికి. గౌరవం మాత్రం తలలో ఉన్నదానికి దొరికింది. ప్రొద్దుటూరు అబ్బాయికైతే జీతం కూడా లేదు. ఒక పని, ఒక చెల్లింపు. కిటుకు చెప్పేస్తే, తర్వాతి ఆసుపత్రివాళ్లు కంప్యూటర్ చదివిన మేనల్లుడితో కానిచ్చేస్తారు. నెల జీతం వచ్చే నాలాంటివాళ్లకు పంచుకోవడం గురించి మాట్లాడటం సులువే.

పైగా రాసిపెట్టినవి మాత్రం ఎన్నాళ్లు నిలిచాయి? 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21లో పాత సిప్ మాడ్యూల్‌నే తీసేశారు. నా నోటుపుస్తకంలో ముందు సగం దాని అమరికలే. ఇప్పుడు అంతా దాని స్థానంలో వచ్చిన పీజేసిప్.

అయినా కోపం పూర్తిగా పోలేదు. ఇంజనీరుగారి ఆదివారానికి ఖరీదు లేదా?

రాజంపేట దుకాణదారు డబ్బు ఇస్తానంటున్నాడు కనుక, ఆ పని ఈ అబ్బాయికే అప్పగిద్దామనుకుంటున్నాను. ఫీజు మొత్తం అతనిదే. ఒక్కటే షరతు: మా మేడ గదిలో కూర్చుని, ల్యాప్‌టాప్‌ను గోడ మీది పెద్ద తెరకు తగిలించి చేయాలి. అతను నోరు విప్పకపోయినా ఇంజనీరుగారు చూసి పట్టేస్తారు. ఎంత అడుగుతాడో రేపు పొద్దున్నే కనుక్కోవాలి, నా ఫోను ఎత్తితే.