కిటికీలు లేని వైపు

టొరంటో నగరపాలక భవనంలో రెండు చలికాలాల పాటు నేను రాత్రిపూట శుభ్రం చేసే పని చేశాను. 27 అంతస్తులది ఒకటి, 20 అంతస్తులది ఒకటి, రెండు టవర్లు దోసిలి పట్టినట్టు వంగి, మధ్యనున్న గుండ్రని సభామందిరాన్ని కాచుకొని ఉంటాయి. కిటికీలన్నీ లోపలి వంపు వైపే ఉండటంతో, చెత్తబుట్టలు ఖాళీ చేసుకుంటూ మేము ఒక్కో అంతస్తూ దిగుతుంటే, ఎదుటి టవరులో మావంటివారే దీపాలు వేస్తూ, ఆర్పుతూ దిగడం కనిపించేది. ఒక రాత్రి అక్కడినుంచి ఎవరో చెయ్యి ఊపారు, నేనూ ఊపాను. ఊరు వదిలి వచ్చాక ఆ పనిలో నాకు దొరికిన తొలి పలకరింపు అదే.

మొన్న సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు, కృష్ణలంకలో వరదగోడ పక్కన కూర్చొని నాన్న ఆ భవనం సంగతి అడిగారు. నాన్న నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీగా చేశారు. 1958లో ముగిసిన ప్రపంచవ్యాప్త పోటీకి 42 దేశాల నుంచి 500కు పైగా నమూనాలు వచ్చాయనీ, ఫిన్లాండుకు చెందిన విల్యో రెవెల్ గీసినది నెగ్గిందనీ, 1965 సెప్టెంబరులో భవనం తెరిచేనాటికి ఆయన చనిపోయి ఏడాది కావస్తోందనీ చెప్పాను.

“అయితే గీసినాయన గృహప్రవేశం చూడలేదన్నమాట” అని నాన్న కాసేపు ఏటివైపు చూస్తూ ఉండిపోయారు.

తరువాత ఆయన అడిగినవన్నీ గోడ గురించే. వెలుపలి వైపు కిటికీ ఒక్కటీ లేదంటే నమ్మలేదు. అంత ఎత్తున వంపు ఎక్కడా చెదరకుండా ఎలా తెచ్చారని అడిగారు. ముందుగా అచ్చుపోసిన కాంక్రీటు పలకల్లో ఇటలీ పాలరాతి పట్టీలు పొదిగి బిగించారని చదివినంత చెప్పగలిగాను గానీ, పట్టీ వెడల్పెంత, పలకా పలకా కలిసేచోట సందు ఎలా పూడ్చారు అనేసరికి నా దగ్గర జవాబు లేదు. రెండు చలికాలాలు ఆ గోడ లోపలే తిరిగినవాణ్ణి, బయటి నుంచి ఒక్కసారీ దగ్గరికి వెళ్ళి చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది. నాన్న వరదగోడ అతుకు మీద బొటనవేలు పెట్టి, “పనితనం ఇక్కడ తెలుస్తుందిరా, నడిమధ్యన కాదు” అన్నారు.

ఇప్పుడు నాది పగటి ఉద్యోగం. ఏప్రిల్ చివర ఒక ఆదివారం ప్రత్యేకంగా ఆ భవనం ముందున్న చౌకుకు వెళ్ళాను. చలికాలంలో పిల్లలు మంచు మీద జారే కొలను మళ్ళీ నీరైంది. తూర్పున, 1899లో కట్టిన పాత నగరభవనం గడియారపు బురుజు ఎప్పటిలాగే నిలబడి ఉంది. వాలుదారి ఎక్కి పైతోటలోకి వెళ్ళి, టవరు వీపును దగ్గరగా చూశాను. దూరానికి నునుపుగా కనిపించే గోడ నిలువునా పట్టీలు పట్టీలుగా ఉంది. రాయి మెరుగు పెట్టినది కాదు, చీల్చినది చీల్చినట్టే గరుకుగా ఉండి, ఏటవాలు ఎండలో ప్రతి పట్టీకీ సన్నని నీడ పడుతోంది. పలకలు కలిసేచోట ఒకటి, దూరం నుంచి ఒకటి ఫోటోలు తీసి పంపాను.

రాత్రి ఫోను చేస్తే నాన్న అప్పటికే వాటిని పెద్దవి చేసి చూసి, తనతో పనిచేసిన ఇద్దరు మేస్త్రీలకు కూడా చూపించారు.

“రాయి గరుకు కావాలనే ఉంచారు, అందుకే ఆ నీడ. గోడ నిలువు తూకం కూడా బాగుంది. అతుకు మాత్రం ఇంకాస్త దగ్గరగా తీసి పంపు, వాళ్ళూ అడుగుతున్నారు” అన్నారు.