21 రోజులన్నారు: మా అమ్మాయి కేసులో మాకు నిజంగా పనికొచ్చినవి

మా అక్క కూతురి మీద జరిగిన అత్యాచారం కేసు గురించి ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు కూడా తనే "రాయి పిన్నీ, ఇంకో ఇంటికి పనికొస్తుంది" అంటేనే రాస్తున్నాను. పేరు, ఊరు, ఏం చదివిందో చెప్పను. బాధితురాలు ఎవరో తెలిసేలా రాయడం చట్టరీత్యా నేరం కూడా. గోదావరి జిల్లాల వాళ్లం, అంతవరకే.

జరిగింది 2021 చివర్లో. అప్పట్లో ఎవర్ని కదిపినా ఒకటే మాట: "దిశ చట్టం ఉందిగా, 21 రోజుల్లో తేల్చేస్తారు." 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని దారుణంగా చంపేశాక, డిసెంబర్ 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. దర్యాప్తుకు 7 పనిదినాలు, విచారణకు 14, మొత్తం 21. 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో మొదటి దిశ పోలీస్ స్టేషన్ పెట్టారు, ఫోన్లలోకి దిశ యాప్ వచ్చింది. ఇన్ని కళ్లముందు కనిపిస్తుంటే చట్టం అమల్లోనే ఉందని జనం అనుకోవడంలో వింతేముంది? మా బావ అయితే నెల తిరిగేసరికి తీర్పు వచ్చేస్తుందని గట్టిగా నమ్మాడు.

కానీ అసలు సంగతి వేరు. అప్పట్లో నేరాలకు శిక్షలు చెప్పే ఐపీసీ, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ కేంద్ర చట్టాలు. వాటిని మార్చేలా రాష్ట్రం బిల్లు తెస్తే దానికి రాష్ట్రపతి ఆమోదం పడాలి. దిశ బిల్లుకు అది పడలేదు. ఈ సంగతి మాకు స్టేషన్‌లో ఎవరూ చెప్పలేదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన లాయరమ్మ చెప్పారు. బావ మొహం చూడలేకపోయాను. ఆవిడ మాత్రం, "దాని కోసం ఎదురు చూడకండి. 2013లో నిర్భయ తర్వాత వచ్చిన మార్పులున్నాయి, అవి మీకు చాలా వరకు సరిపోతాయి. కాకపోతే ఒక్కొక్కటీ నోరు తెరిచి అడగాలి" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజమైంది.

మొదటి రాత్రే అడగాల్సి వచ్చింది. మేం వెళ్లింది ఇంటికి దగ్గర్లోని స్టేషన్‌కి. జరిగింది వేరే టౌన్‌లో. డ్యూటీలో ఉన్నాయన "మా లిమిట్స్ కాదమ్మా, అక్కడికెళ్లండి" అన్నాడు. "జీరో ఎఫ్ఐఆర్ రాయండి సార్, తర్వాత అక్కడికి మీరే పంపుకోండి" అన్నాను. ఆయన ఫోన్ చేయడానికి బయటికెళ్లాడు. అత్యాచారం ఫిర్యాదు తీసుకోని పోలీసు ఉద్యోగికి అప్పటి ఐపీసీ 166ఏ సెక్షన్ కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చని ఎంతమంది ఆడవాళ్లకు తెలుసు? తెలిసుండాలి. కాసేపటికి ఒక మహిళా ఎస్సై వచ్చారు. ఇలాంటి ఫిర్యాదు రాసుకోవాల్సింది మహిళా అధికారే. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఏడుపొస్తే ఆగమ్మా, నేనెక్కడికీ పోను" అన్నారు. ఆ ఒక్క మాటకి మా పిల్ల నోరు విప్పింది.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. రాసిన కాగితం సంతకానికి ముందు చదివి వినిపించారు. అందులో "అతనితో కలిసి వెళ్లినది" అని ఉంది. మా పిల్ల అన్నది అది కాదు. "సర్టిఫికెట్ ఇస్తాను రమ్మంటే వెళ్లాను" అంది. అంత నీరసంలోనూ తనే ఆపి, "నేనలా చెప్పలేదు మేడం" అంది. కొట్టేసి మళ్లీ రాశారు. రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్ సగం ఆ వాక్యం చుట్టూనే తిరిగింది. సంతకం పెట్టేముందు ఎంత రాత్రయినా సరే, ప్రతి లైనూ చదవండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది తీసుకునే బయటికి రండి.

ఆస్పత్రి గురించి నాకు బాగా భయం ఉండేది. సమాచారం అందిన 24 గంటల్లోపు పరీక్షకు పంపాలి, అలాగే పంపారు. డాక్టరమ్మ ప్రతి పరీక్షకీ ముందు ఎందుకో చెప్పి, సరేనంటేనే చేశారు. వద్దనే హక్కు అమ్మాయికి ఉంది. అమ్మాయికి అంతకుముందు లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పేసింది. 2022లో అయితే అది చేసినవాళ్లది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని ఇంకా గట్టిగా చెప్పింది. బట్టల్ని ఆరనిచ్చి, ఒక్కోదాన్ని విడిగా కాగితం కవర్లో పెట్టి సీలు వేశారు. ప్లాస్టిక్‌లో పెడితే తేమకి ఆధారాలు పాడైపోతాయట. గర్భం రాకుండా మాత్ర, టీటీ ఇంజెక్షన్, హెచ్ఐవీ రాకుండా మందులు ఇచ్చారు. ఆ చివరివి 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. వాటితో వాంతులు, తలతిప్పు. పిల్ల మానేస్తానంటే అక్క పక్కనే కూర్చుని మింగించేది. ప్రభుత్వ ఆస్పత్రయినా ప్రైవేటయినా బాధితురాలికి వైద్యం ఉచితం, పోలీసులు వచ్చేదాకా ఆగమనడానికి లేదు.

అమ్మాయి చెప్పింది మేజిస్ట్రేటే స్వయంగా నమోదు చేసుకునే 164 స్టేట్‌మెంట్ (సీఆర్‌పీసీలో ఆ సెక్షన్) రోజు లోపలికి మమ్మల్నీ రానివ్వలేదు, పోలీసుల్నీ రానివ్వలేదు. మాకు బయట ఒకటే టెన్షన్. తను మాత్రం బయటికొచ్చి "ఇడ్లీ తిందామా పిన్నీ" అంది. జరిగినప్పటి నుంచీ తనంతట తాను తిండి అడగడం అదే మొదలు.

తర్వాత పెద్దమనుషులు వచ్చారు. "పిల్ల భవిష్యత్తు చూసుకోండి, కూర్చుని మాట్లాడుకుందాం." మా అక్క గుమ్మం దగ్గరే నిలబెట్టి, "అత్యాచారం కేసుకి రాజీ లేదండీ, చట్టంలోనే లేదు" అని చెప్పి పంపేసింది. మళ్లీ రాకుండా దర్యాప్తు అధికారికి రాసిచ్చాం.

పరిహారం సంగతి చాలామందికి తెలీదు. 2018లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పథకం వచ్చింది. అందులో అత్యాచార బాధితులకు 4 నుంచి 7 లక్షలు. శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. ఎఫ్ఐఆర్, మెడికల్ కాగితాలతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకుంటే మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు. అక్క మొదట వద్దంది, "డబ్బు కోసం కేసు పెట్టారంటారు" అని. లాయరమ్మకి కోపం వచ్చింది. "ఇది దానం కాదు, మీ పిల్ల హక్కు" అన్నారు. వచ్చిన మొత్తంలో 75 శాతం కనీసం 3 ఏళ్లు డిపాజిట్‌లో వేస్తారు, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు. ఆ పాతిక శాతంతోనే కౌన్సెలింగ్‌కి తిరిగాం, తను వదిలేసిన కోర్సు ఫీజు కట్టాం. ఆ లాయరు సాయానికి మేం పైసా కట్టలేదు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ అది ఉచితం.

విచారణ 2 నెలల్లో ముగించాలని చట్టంలో ఉంది. మాకు రెండేళ్లు దాటింది. ఒకసారి ల్యాబ్ రిపోర్టు రాలేదు, ఇంకోసారి అవతలి లాయరు రాలేదు. 21 రోజుల మాట నమ్ముకుని కూర్చుని ఉంటే మొదటి వాయిదాలకే కుప్పకూలిపోయేవాళ్లం. కోర్టు తలుపులు మూసి విచారించారు. అవతలి లాయరు ఆ అమ్మాయి పాత స్నేహాల గురించి మొదలుపెట్టగానే జడ్జిగారు ఆపేశారు. గుణం గురించి అలా అడగడానికి వీల్లేదు.

శిక్ష పడింది, 10 ఏళ్లు. అతను హైకోర్టులో అప్పీలు వేశాడు. ఇప్పుడు ఎవరైనా ఈ దారిలో వెళ్తుంటే ఒకటి గుర్తుంచుకోండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి, నెంబర్లు మారాయి. 164 స్టేట్‌మెంట్ ఇప్పుడు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 183. వైద్య పరీక్ష 184. పరిహారం 396. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చని 173లో నేరుగా రాశారు. రాత్రిపూట ఏమీ తోచకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి, బాధిత మహిళలకు కావాల్సిన సాయమంతా ఒకేచోట అందించే వన్ స్టాప్ సెంటర్ దగ్గర్లో ఎక్కడుందో చెబుతారు. మాతో ఆస్పత్రికి వచ్చిన కౌన్సెలర్ అక్కడి నుంచి వచ్చినావిడే, తీర్పు రోజు కూడా కోర్టుకి వచ్చారు.